చుక్క పడిన చోటే చిల్లు ఉండదు: కారుతున్న పాత ఇళ్ళ మీద మీ ప్రశ్నలు

వానాకాలం సగం గడిచేసరికి ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలన్నీ ఒకే దారి పడతాయి. ఇల్లు కారుతోంది, ఏ మందు పూయించమంటారు అని. విశాఖలో పాతికేళ్ళు దాటిన ఇల్లు ఉన్నవాళ్ళలో ఈ బాధ తెలియనివాళ్ళు తక్కువే. ఒక పక్క ఉప్పుగాలి, ఒక పక్క నెలల తరబడి తగ్గని తేమ, మధ్యలో ఏదో ఒక అక్టోబరులో తుపాను. అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేశాం. చుక్క ఎక్కడ పడుతోందో అందరూ వివరంగా రాశారు, కొందరు ఫొటోలు కూడా పంపారు, ఎప్పుడు పడుతోందో మాత్రం ఒకరిద్దరే రాశారు. నాకు ముందు కావలసింది అదే. వాన మొదలైన ఎంతసేపటికి, వెలిశాక ఎంతసేపటి దాకా, ఏ గాలికి, ఏ నెలలో, ఈ నాలుగూ తెలిస్తే నిచ్చెన ఎక్కకముందే సగం పని అయిపోతుంది.

ప్రశ్న: మాది సీతమ్మధారలో మా మావగారు 1984లో కట్టించిన డాబా. హాల్లో ఫ్యాను కొక్కెం దగ్గర నుంచి చుక్కలు పడుతున్నాయి. మూడేళ్ళ కిందట మేడంతా తెల్ల వాటర్‌ప్రూఫ్ పూత వేయించాం. ఏడాది ఆగింది, మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఒక మేస్త్రీ పైన టైల్స్ పరిచేద్దాం అంటున్నాడు, ఇంకో మేస్త్రీ చూసి శ్లాబే పోయిందమ్మా అని చెప్పి వెళ్ళాడు. అప్పటి నుంచి మా వారికి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. వాన పడిన వెంటనే ఏమీ ఉండదండీ, మూడు నాలుగు గంటల తర్వాత మొదలై, వాన వెలిసిన మర్నాడు కూడా పడుతూనే ఉంటుంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. ముందు ఆ గది లైనుకి ఎంసీబీ దించేసి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ ఫ్యాను, దాని పక్క లైటు వాడకండి. ఫ్యాను కొక్కెం దగ్గర నీళ్ళు అంటే చాలాసార్లు ఆ నీళ్ళు వైర్లు పోయే పైపులోంచే వస్తున్నాయని అర్థం. శ్లాబు పోసేటప్పుడు ఈ పైపులు కాంక్రీటు లోపలే పెట్టేస్తారు, అవన్నీ వచ్చి ఫ్యాను డబ్బా దగ్గర కలుస్తాయి. ఎక్కడో పదడుగుల అవతల ఒక సన్న పగులు ఆ పైపుని తాకిందంటే చాలు, నీళ్ళు అక్కడ దూరి, పైపు వెంట నింపాదిగా నడిచొచ్చి, మీ హాలు నడిమధ్యన దిగుతాయి. కాబట్టి ఫ్యానుకి సరిగ్గా పైన మేడ మీద గోకించి సిమెంటు పెట్టించే ఆలోచన ఉంటే మానుకోండి.

ఆలస్యంగా మొదలవుతుంది, మర్నాడు కూడా పడుతుంది అని రాశారు చూడండి, అసలు విషయం అక్కడుంది. తిన్నగా చిల్లు ఉంటే పది పదిహేను నిమిషాల్లో చుక్క మొదలై, వాన ఆగిన కాసేపటికి తనూ ఆగిపోతుంది. మీ ఇంట్లో అలా జరగట్లేదంటే నీళ్ళు మధ్యలో ఎక్కడో నిలవ ఉంటున్నాయి. ఆ రోజుల్లో శ్లాబు మీద వాలు కోసం ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు రెండు మూడు అంగుళాల మందాన వేసి, పైన సిమెంటు చేసేవాళ్ళు. పై సిమెంటు ఎక్కడ పగిలినా కింద ఇటుక ముక్కల పొర నీళ్ళు తాగి కూర్చుంటుంది, తర్వాత తీరుబడిగా వదులుతుంది. మీ తెల్ల పూత అంత త్వరగా పోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు. లోపల చెమ్మ ఉండగా పైన పూత వేస్తే, ఎండకి ఆ చెమ్మ ఆవిరై పూతని కింద నుంచి తోస్తుంది, పొక్కులు లేస్తాయి. పొక్కులు ఉన్నాయేమో చూడండి, ఉంటే ఒకటి గోటితో ఊడదీసి కింద తడిగా ఉందో లేదో తాకండి. తడి ఉంటే దాని మీద టైల్స్ పరచడమంత వృథా ఖర్చు ఇంకోటి లేదు. టైల్స్ కింద నీళ్ళు పోవడానికి ఇంకా మంచి దారి దొరుకుతుంది, ఆ తర్వాత ఎవరూ కనిపెట్టలేరు.

ఇప్పుడు టేపు పట్టుకుని మేడ ఎక్కండి. హాల్లో చుక్క పడే చోటు రెండు గోడల నుంచి ఎంతెంత దూరమో కొలిచి, పైన అదే చోట సుద్దతో గుర్తు పెట్టండి. గోడ మందం లెక్కలో కలపడం చాలామంది మర్చిపోతారు. కింద గోడ తొమ్మిది అంగుళాలుంటుంది, మీద పిట్టగోడ నాలుగున్నరే ఉండొచ్చు, ఆ తేడాకే గుర్తు పక్కకి జరిగిపోతుంది. గుర్తు పెట్టిన చోట ఏమీ కనబడకపోతే కంగారు పడొద్దు, నీళ్ళు ఎగువ నుంచి వస్తాయి కనుక వాలు ఎటు ఎత్తుగా ఉందో అటు వెతుక్కుంటూ వెళ్ళండి. వాలు ఎటో తెలియకపోతే రెండు బకెట్ల నీళ్ళు పారబోస్తే అదే చెప్తుంది. ఎనిమిది అడుగులకి ఒక అంగుళమైనా పల్లం ఉండాలి, పాత మేడల మీద మరమ్మతుల మీద మరమ్మతులు చేసి ఆ పల్లం కాస్తా పోయి, మధ్యలో మడుగులు కట్టడం మామూలే.

మేస్త్రీలు శ్లాబు మధ్యలో వెతుకుతారు. నన్నడిగితే దోషం ఎక్కువగా అంచుల్లోనే ఉంటుంది. మొదటి అనుమానం తూము మీద పెట్టుకోండి. ప్లాస్టిక్ పైపుకీ సిమెంటుకీ ఎప్పుడూ సరిగ్గా పొసగదు, రెండింటి మధ్య వెంట్రుకంత సందు పడుతుంది, మేడ మీద పడిన నీళ్ళన్నీ ఆ సందు పక్కనుంచే పోవాలి. ఆకులు అడ్డుపడి రెండంగుళాల నీళ్ళు నిలిచాయంటే ఇక చెప్పక్కర్లేదు. రెండో అనుమానం పిట్టగోడ అడుగున, గోడా శ్లాబూ కలిసే మూల. శ్లాబు ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, మీద ఇటుక గోడ దానితో పాటు కదలదు, అందుకని అక్కడ గీత గీసినట్టు పగులు వస్తుంది. తర్వాత ట్యాంకు దిమ్మలు, డిష్ బిగించిన బోల్టులు, ఎప్పుడో పెళ్ళికి పందిరి వేసినప్పుడు కొట్టిన మేకులు, మెట్ల గది గోడ మేడని తాకే చోటు. పిట్టగోడ పగుల్లో చిన్న రావి మొక్క కనబడితే పైకి లాగి పారేయకండి, ఆకులే ఊడొస్తాయి, వేరు లోపలే ఉంటుంది. ఆ చోట సిమెంటు తీసి వేరుతో సహా తియ్యాలి.

ఇంత చూసినా తేలకపోతే నీళ్ళు కట్టి చూడాలి. మేడంతా ఒకేసారి కట్టొద్దు. కారితే ఎక్కడి నుంచి కారిందో మళ్ళీ మొదటికే వస్తుంది. తూము దగ్గర గుడ్డతో బిగించి మూసి, బంకమట్టితో చిన్న గట్లు వేసి మేడని మూడు నాలుగు మడులుగా చేయండి, అన్నిటికన్నా పల్లంలో ఉన్న మడితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ అంగుళం ఎత్తున 24 గంటలు, వీలైతే 48 గంటలు నింపి ఉంచండి. పక్కనే ఒక వెడల్పాటి టబ్బులో కూడా అంతే ఎత్తు నీళ్ళు పెట్టండి. టబ్బులో ఎంత తగ్గిందో అది ఎండ తాగింది, మడిలో అంతకన్నా ఎక్కువ తగ్గితే అది మీ శ్లాబు తాగింది. నీళ్ళలో రంగు కలపమని కొందరు చెప్తారు, కలిపితే కలపండి, కానీ సున్నం, ఇటుక ముక్కలు రంగుని పట్టేసుకుని కిందకి తెల్ల నీళ్ళే రావచ్చు. రంగు రాలేదని ఆ మడిని వదిలేయకండి. మీ శ్లాబు తడి ఆలస్యంగా దింపే రకం కనుక, ఒక మడి తర్వాత ఇంకో మడికి మధ్య ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి.

దీనికి ముందు ఒక జాగ్రత్త. అంగుళం నీళ్ళంటే చదరపు మీటరుకి పాతిక కిలోల బరువు, వెయ్యి చదరపు అడుగుల మేడంతా నింపితే రెండు టన్నుల పైమాటే. బాగున్న శ్లాబుకి అది లెక్కలోకి రాదు. మీ రెండో మేస్త్రీ శ్లాబు పోయిందన్నాడు కనుక ముందు కింద నుంచి సీలింగుని కర్ర పిడితో మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఒకే శబ్దం వస్తే సరే. ఎక్కడైనా డొల్లగా మోగినా, తుప్పురంగు చారలు దిగినా, పెచ్చులూడి ఊచలు బయటపడినా నీళ్ళు కట్టే ఆలోచన మాని, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. మన ఊరి గాలిలో ఉప్పుకి తడి తోడైతే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఊచ లావెక్కి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది. దానికి పైన వేసే పూత పనికిరాదు, కింద నుంచి వైద్యం చేయాలి. తెల్లగా పొడిలా ఉప్పు తేలడం మాత్రమే ఉంటే అంత భయం లేదు, నీళ్ళు ఆ దారిన పోతున్నాయని అది చెప్పే సాక్ష్యం.

ప్రశ్న: మాది పెదవాల్తేరు, 1992లో కట్టిన ఇల్లు. హుద్‌హుద్ దాకా చుక్క కారలేదు. ఇప్పుడు కూడా జూలై, ఆగస్టుల్లో ఎంత కుండపోత పడినా ఏమీ ఉండదు. దీపావళి రోజుల్లో వాయుగుండం పడిందంటే మాత్రం తూర్పు పడగ్గదిలో కిటికీ పైన సీలింగు అంచు తడిసిపోయి రంగు ఊడుతుంది. మేడంతా కెమికల్ వేయించాలా?

జవాబు: అక్కర్లేదు. ఎప్పుడు కారుతోందో మీరే రాశారు, అందులోనే జవాబు ఉంది. శ్లాబుకి చిల్లు ఉంటే దానికి జూలై వాన, నవంబరు వాన అని తేడా ఏముంటుంది? నైరుతి వానలు మనకి ఎక్కువగా పడమటి వైపు గాలితో వస్తాయి, మీ తూర్పు గోడకి అంతగా తగలవు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే వాన సముద్రం వైపు నుంచి అడ్డంగా కొడుతుంది. కాబట్టి నీళ్ళు మీ మేడ మీద నుంచి దిగట్లేదు, తూర్పు గోడలోంచి లోపలికి వస్తున్నాయి. బయట నిలబడి ఆ గోడని పై నుంచి కింద దాకా చూడండి: పిట్టగోడ బయటి ముఖం మీద పగుళ్ళు, సన్‌షేడు గోడని కలిసే గీత, కిటికీ ఫ్రేము చుట్టూ సందులు. సన్‌షేడు పైన చేత్తో తడిమి చూస్తే చాలా ఇళ్ళల్లో వాలు బయటికి కాకుండా గోడ వైపుకే ఉంటుంది, వాన నీళ్ళు అక్కడే నిలిచి గోడలోకి ఇంకుతాయి. కాస్త నాచు పట్టి ఉంటే అదే చోటు.

హుద్‌హుద్ మాట ఎత్తారు కనుక చెప్తున్నాను, 2014 అక్టోబరు 12న ఆ తుపాను తీరం దాటినప్పుడు గంటకి 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. మీ ఇంటి మీద చెట్టుకొమ్మో, పక్కింటి రేకో, నీళ్ళ ట్యాంకో వచ్చి పిట్టగోడకి తగిలిందేమో గుర్తు తెచ్చుకోండి. తగిలిన లోపలి పక్క అందరూ బాగు చేయించుకున్నారు, బయటి పక్క నిచ్చెన కావాలి కదా అని వదిలేసినవాళ్ళు చాలామంది.

నిర్ధారణకి తోట పైపు చాలు. వాన లేని రోజు, ఒకరు గదిలో టార్చితో, ఒకరు బయట పైపుతో. కింద నుంచి పైకి రావాలి, ఇదే ముఖ్యం. పై నుంచి మొదలుపెడితే నీళ్ళు కిందకి కారుతూ అన్ని పగుళ్ళనీ ఒకేసారి తడిపేస్తాయి, ఏది దొంగో తెలియదు. ముందు కిటికీ అడుగు పావుగంట, తర్వాత ఫ్రేము పక్కలు, తర్వాత సన్‌షేడు కలిసే చోటు, ఆఖరున పిట్టగోడ. లోపల తడి కనబడగానే ఆపేయండి. ఆ పగులుని కాస్త వెడల్పుగా కోసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపించి, సన్‌షేడు వాలు సరిచేయించి, బయట గోడకి మంచి రంగు వేయించండి. సన్‌షేడు అడుగున అంచు దగ్గర ఒక గాడి ఉండాలి, నీళ్ళు గోడదాకా పాకకుండా అక్కడే కిందకి రాలడానికి. రంగులు వేసేటప్పుడు ఆ గాడిని పూడ్చేస్తారు, దాన్ని తెరిపించడం మర్చిపోకండి.

ప్రశ్న: వన్‌టౌన్‌లో మా తాతగారి ఇల్లు మద్రాసు టెర్రస్. టేకు దూలాలు, వాటి మీద సన్న ఇటుకలు. వందేళ్ళ పైమాటే అంటారు. వెనక గదిలో దూలం వెంట తడి దిగుతోంది. పైన మూడంగుళాల సిమెంటు కాంక్రీటు వేసేస్తే మళ్ళీ జన్మలో కారదని కాంట్రాక్టరు హామీ ఇస్తున్నాడు. అన్నదమ్ములం నలుగురం, ఇద్దరం ఒప్పుకున్నాం, ఇద్దరు ఒప్పుకోవట్లేదు.

జవాబు: ఒప్పుకోని ఆ ఇద్దరికీ నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి.

మూడంగుళాల కాంక్రీటు అంటే చదరపు మీటరుకి 180 కిలోలకి పైగా కొత్త బరువు. వందేళ్ళుగా మోస్తున్న దూలాల మీద అంత బరువు పెట్టే ముందు అవి ఎలా ఉన్నాయో చూశాడా ఆయన? అదొక్కటే కాదు. మీ కప్పు సున్నంతో కట్టింది. దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా ఐమూలగా పేర్చి, పైన ఇటుక ముక్కలు, గానుగ సున్నం కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవాళ్ళు. అది కొంచెం తడి తాగుతుంది, ఎండకి తిరిగి వదిలేస్తుంది, అలాగే ఇన్నేళ్ళు నిలబడింది. దాని మీద సిమెంటు మూత పెడితే చెమ్మ పైకి పోయే దారి మూసుకుపోయి కిందకి, అంటే దూలాల్లోకి పోతుంది. పైన కారడం ఆగినట్టే కనిపిస్తుంది, లోపల టేకు పుచ్చిపోతుంది.

దూలం వెంట తడి అంటున్నారు. దూలం మీద పడిన నీళ్ళు కర్ర వెంటే పోయి పల్లంగా ఉన్న కొస దగ్గర రాలతాయి, కాబట్టి ఆ దూలం పొడవునా రెండు వైపులా పైన వెతకాలి. ముఖ్యంగా దూలం గోడలోకి దూరే కొసలు చూడండి. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ఆ కొస దగ్గర గట్టిగా పొడిచి చూస్తే, బాగున్న టేకు దిగనివ్వదు. మెత్తగా దిగిపోయిందంటే కారడం సంగతి పక్కన పెట్టి, ముందు ఆ దూలం కింద దన్ను పెట్టించండి, గది ఖాళీ చేయండి. దూలాలు బాగుంటే పైన పలకల సందుల్లో పోయిన గచ్చు తీసి మళ్ళీ సున్నం, ఇటుక పొడి గచ్చుతోనే నింపించండి. ఈ కప్పు మీద నీళ్ళు కట్టి పరీక్ష చేయొద్దు. పైపుతో కొంచెం కొంచెంగా తడిపి చూడటమే. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, పాత గుళ్ళకి మరమ్మతులు చేసేవాళ్ళని అడిగితే దొరికే అవకాశం ఉంది.

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీలో పాత అపార్ట్‌మెంటు, మాది రెండో అంతస్తు. పైన ఇంకో అంతస్తు ఉంది. మా బాత్రూం పక్క గదిలో సీలింగు మేనెలలో కూడా తడిగా ఉంటోంది. పై ఫ్లాటు వాళ్ళు వాన నీళ్ళు అంటున్నారు, మాది కాదంటున్నారు.

జవాబు: మేలో వాన నీళ్ళు అంటే వాళ్ళ ధైర్యానికి మెచ్చుకోవాలి. మీ పైన మేడ కూడా లేదు.

గొడవకి దిగకుండా ఇలా చేయండి. తడి అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి, వారం వారం ఇంకో గీత. పై వాళ్ళు ఊరెళ్ళినప్పుడు గీత ఆగిపోయి, వచ్చాక మళ్ళీ పెరిగితే అది వాడిన నీళ్ళు పోయే దారి: నహానీ ట్రాప్ (బాత్రూం నేల మీది నీళ్ళు పోయే జాలీ కింద ఉండే గిన్నె) కీలు, కమోడు అడుగు, లేదా బాత్రూం నేల టైల్స్ సందులు. వాళ్ళు లేకపోయినా పెరుగుతూనే ఉంటే ట్యాంకు నుంచి వచ్చే పైపు, గోడలో ఉన్న పాత ఇనుప పైపు తుప్పు పట్టి ఉంటుంది. అప్పుడు వాళ్ళ ఫ్లాటుకి వచ్చే వాల్వు ఒకటి రెండు రోజులు కట్టి చూస్తే తేలిపోతుంది. మొదటి రకానికి, వాళ్ళ బాత్రూం తూము మూసి అంగుళం నీళ్ళు ఒక రోజు నిలపమని అడగండి. ఆ నీళ్ళకి తడి రాకుండా, తూము తెరిచి వదిలాక వస్తే నేల బాగానే ఉంది, పైపు కీలే పోయిందని లెక్క. ఇంత పని పెట్టుకునే ముందు ఒకసారి పై వాళ్ళ ఏసీ నీళ్ళ పైపు ఎక్కడ నుంచి పోతోందో చూడండి, ఎండాకాలంలోనే తడి పెరుగుతోందంటే ఆ పైపు మూసుకుపోయి గోడలోకి వదులుతూ ఉండొచ్చు, దానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

ప్రశ్న: భీమిలిలో పెంకుటిల్లు, మంగుళూరు పెంకులు. ఏటా పెంకులు సర్దించినా ఏదో ఒక చోట కారుతుంది. పైన రేకులు వేసేయమంటున్నారు పిల్లలు.

జవాబు: పెంకుల ఇంట్లో వెతకడం అన్నిటికన్నా సులువు. పట్టపగలు తలుపులు, కిటికీలు మూసి అటక ఎక్కి చూస్తే వెలుతురు చుక్కలు కనబడతాయి. ప్రతి వెలుతురు చుక్కా కారదు, పెంకు మీద పెంకు ఎక్కే చోట కాస్త సందు ఉండటం సహజం. వాన పడుతుండగా టార్చి వేసి తడి వాసం వెంట పైకి పైకి చూసుకుంటూ వెళ్ళండి, తడి ఎక్కడ ఆగిపోయిందో దాని పైన పెంకే. ఏటా సర్దించినా కారుతోందంటే నా అనుమానం పెంకుల మీద లేదు, నడికొప్పు మీద. పైన మూల పెంకుల కింద పెట్టిన సున్నం రాలిపోయి ఉంటుంది, లేదా రెండు వాలులు కలిసే చోట పరిచిన రేకు తుప్పు పట్టి చిల్లులు పడి ఉంటుంది. ఉప్పుగాలికి భీమిలిలో రేకు ఎంత కాలం ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ పిల్లలకి కూడా ఇదే చెప్పండి. ఇంకొకటి, సర్దడానికి ఎక్కినవాళ్ళు పెంకుల మీద అడుగులు వేస్తే పాతవి నాలుగు సర్ది కొత్తవి నాలుగు పగలగొడతారు. అడ్డంగా నిచ్చెన గానీ పలక గానీ పరిచి దాని మీద నడవమనండి.

ప్రశ్న: గాజువాకలో 1998 నాటి ఇల్లు. ఇంత పరీక్షలు మాకు కుదరవు సార్. మంచి కంపెనీ మందు ఏదో ఒకటి చెప్పండి, పూయించేస్తాం. పదేళ్ళ గ్యారంటీ అంటున్నారు, నమ్మొచ్చా?

జవాబు: కంపెనీ పేరు చెప్పను. దోషం తూము దగ్గర ఉంటే ఏ కంపెనీ మందు మేడంతా పూసినా ఆ సందు అలాగే ఉంటుంది. దారి తెలిశాక ఆ చోటుకి తగ్గ మందు ఎంచుకోవడం పెద్ద పని కాదు: కదిలే పగుళ్ళకి సాగే సీలెంటు, తూము చుట్టూ, పిట్టగోడ మూలల్లో సిమెంటు గుండ్రంగా అద్ది దాని మీద వలగుడ్డ పెట్టి పూత, ఎండ పడే మేడకి యాక్రిలిక్ రకం పూత. నేల ఎండి ఉండాలి, కాబట్టి వానల మధ్య తెరిపి చూసి కాకుండా ఫిబ్రవరి నుంచి మే లోపల చేయించండి. ఈ వానాకాలానికి పగుళ్ళ మీద తాత్కాలికంగా తారు పట్టీ అంటించి, తూములు శుభ్రంగా ఉంచండి, చాలా ఇళ్ళల్లో అంతటితోనే సగం తగ్గుతుంది.

గ్యారంటీ కాగితం ఇచ్చేటప్పుడు రెండు విషయాలు అందులో రాయించుకోండి. ఏ చోటు నుంచి కారుతోందని వాళ్ళు తేల్చారు, దాన్ని ఏ పరీక్ష చేసి తేల్చారు. పని అయ్యాక అదే చోట మళ్ళీ నీళ్ళు కట్టి చూపించాకే ఆఖరి వాయిదా డబ్బు ఇస్తామని ముందే చెప్పండి. ఒప్పుకుంటే పని వాళ్ళకే ఇవ్వండి, ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి.